రాణివాసంలో బీడీ చాటలు

ఆడవేషాలు ఆడపిల్లలే వెయ్యాలని గంగమణి పట్టుబట్టిన రోజు కాలేజీలో నవ్వని వాడు పాపాత్ముడు.

అది ఎనభై ఏడో సంవత్సరం. కామారెడ్డిలోని ఆ డిగ్రీ కాలేజీ నుంచి యూనివర్సిటీ యువజనోత్సవాలకు ఏటా ఒక నాటకం వెళ్ళేది. ఏ నాటకమైనా కథానాయిక మాత్రం గంగారామే. బి.కాం. చదివే ఆ పిల్లవాడు మనిషి బంగారం. పోటీలు దగ్గర పడగానే ఎవరూ చెప్పకుండానే మీసం తీసేసుకునేవాడు. చీర కుచ్చిళ్ళు ఆడవాళ్ళు కూడా చూసి నేర్చుకునేంత పొందిగ్గా పెట్టేవాడు. నడిస్తే మాత్రం పొలం గట్టు మీద పార భుజాన వేసుకుని నీళ్ళు మళ్ళించడానికి పోతున్నట్టు ఉండేది. సీత అయినా సరే, పార కనబడేది.

గంగమణి బి.ఏ. మూడో ఏడు. తండ్రి దేవయ్య ఆర్టీసీలో కండక్టరు. ఆమెకు నటించాలని ఎన్నడూ లేదు. నాటకం చూస్తున్నంత సేపూ, ఈ మనిషి అక్కడ కాకుండా ఇక్కడ నిలబడితే బాగుండును, ఆ మాట అంత గట్టిగా కాకుండా గొంతు తగ్గించి అంటే బాగుండును అని లోపల్లోపల సర్దుకుంటూ కూర్చునేది. ఇంట్లో పీటలు వాల్చినా ఆ సర్దుడే. ఆ పనికి దర్శకత్వం అనే పేరుందని తెలుగు చెప్పే రాజేశం సారు చెబితే తెలిసింది.

రాజేశం సారు ఆ ఏడు సొంతంగా ఒక నాటకం రాశారు. పేరు 'కోట తలుపు'. రాజు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. శత్రువులు కోట చుట్టూ దిగారు. రాణివాసంలో ముగ్గురే ఆడవాళ్ళు: రాణి, ఆమె అత్తగారు, ఒక చెలికత్తె. తలుపు తెరవాలా, తెరవకూడదా అన్నదే కథ. ముగ్గురూ ఆడవాళ్ళే గనక ముగ్గురు గంగారాములు కావాలి. అక్కడే గంగమణి నోరు విప్పింది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే. ఈ ఒక్క ఏడు చూస్త. ఎల్లారెడ్డి పోటీల పదిమందిల పరువు పోయిందనుకో, మళ్ళ ఈ ముచ్చట నా దగ్గర ఎత్తద్దు. నువ్వే కాదు, నీ ఎనక వచ్చే ఆడపిల్లలు గూడ ఎత్తద్దు."

తనకు అయితే ఇది ఆఖరి ఏడు. పోతే పోయిందనుకోవచ్చు. ఎనక వచ్చే పిల్లలు అన్న మాట మాత్రం ముల్లు విరిగినట్టు గంగమణి లోపల ఉండిపోయింది.

రాణి వేషానికి రాబియాను అడిగింది. రాబియా గొంతు తగ్గించి మాట్లాడితే వరండా చివర నిలబడ్డవాళ్ళు కూడా మాటలాపి వినేవాళ్ళు. అత్తగారికి దుర్గవ్వ, చెలికత్తెకు సయీదా. ముగ్గురూ ఒకే గల్లీ పిల్లలు. ఒప్పుకోవడం ఒప్పుకున్నారు గాని, సాయంత్రం కాలేజీ హాల్లో రిహార్సల్ అనేసరికి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున నానబెట్టిన తునికాకు సాయంత్రానికి బీడీ కావాలి. కాలేజీ వదలగానే చాట ముందు కూర్చుంటే తప్ప ఆ రోజు పని తెమలదు. ఆ గల్లీలో చదువుకునే ఆడపిల్లకూ చదువుకోని ఆడపిల్లకూ సాయంత్రాలు ఒకటే.

గంగమణి రాబియా ఇంటికి వెళ్ళింది. తండ్రి దుబాయిలో ఉన్నాడు. ఇంటి పెత్తనం అన్న ఘనీది. స్టేషన్ రోడ్డులో సైకిళ్ళ దుకాణం నడుపుతాడు. గ్రీసు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"నాటకం ఆడితే నాకేం తక్లీఫ్ లేదమ్మా. కని పని ఆగద్దు. బీడీ ఆగితే నాటకం బంద్."

"పని ఆగకుంట చేస్తే, అన్నా?"

"అదెట్లయితది?"

"నేనే ఇక్కడికొస్త. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటనే మాటలు నేర్చుకుంటరు. ఒళ్ళె చాట, నోట్లె మాట."

లోపలి నుంచి రాబియా తల్లి అన్వరి బేగం నవ్వింది. "రానియ్ రా ఘనీ. రోజూ ఈ పోరిల పనికిరాని ముచ్చట్లు ఇని ఇని నా చెవులు పోతున్నయి. రాణుల ముచ్చట్లన్న ఇంట."

అట్లా మొదలైంది. ఆ ఇంటి వాకిట్లో ముగ్గురూ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. ఒళ్ళో చాటలు, చాటల్లో తంబాకు, తడిగుడ్డలో చుట్టిన ఆకు. గంగమణి ఎదురుగా పీట మీద కూర్చుని నాటకం చదివేది. వాళ్ళు ఆమె వెనక అనేవాళ్ళు. కత్తెర ఆకును కోసేది, వేళ్ళు తంబాకు వేసి చుట్టేవి, దారం తిరిగేది, మూతి మడత పడేది. నోరు దాని దారిన అది రాజేశం సారు రాసిన బారెడు వాక్యాలు పలికేది.

మూడో రోజుకే గంగమణికి ఆశ్చర్యం వేసింది. గంగారాం అయితే ఆ వాక్యాలను డప్పు కొట్టినట్టు అరిచేవాడు. ఈ పిల్లలు అరవలేదు. పని చేసుకుంటూ అరవడం ఎవరి వల్లా కాదు. మాట మధ్యలో దారం ముడి పడేటప్పుడు చిన్న ఆగుడు వచ్చేది. ఆ ఆగుడులో అర్థం తేటపడేది. "కోట గోడలు రాతివి, అత్తా" అని రాబియా ఆగి, దారం తెంపి, "మనం కాదు" అంటుంటే అన్వరి బేగం చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయేది.

"అల్లా! ఏమంటివే!" అనేది ఆమె.

గంగమణి ఇంటికి పోతూ గాల్లో తేలేది. తను చెప్పడం వల్లే ఇంత బాగా వస్తోందనుకునేది. వాళ్ళ మొహాలు చూసింది, గొంతులు విన్నది. వాకిట్లో కూర్చున్నన్ని రోజులూ ఆ చేతుల వంక మాత్రం ఒక్కనాడూ చూడలేదు. ఎప్పుడూ కదులుతూ ఉండే చేతులను ఎవరు చూస్తారు?

*

ఆ ఏడు నాటకాల పోటీ ఎల్లారెడ్డిలో పెట్టారు. బడి మైదానంలో షామియానా, చెక్క స్టేజీ, ఎర్ర పరదా. పొద్దున ఒక్కో కాలేజీకి కాసేపు స్టేజీ చూసుకోవడానికి ఇచ్చారు, మధ్యాహ్నం నుంచి పోటీ. మొదటి బస్సుకే వీళ్ళంతా దిగారు. తోడుగా ఘనీ, పెద్దరికానికి రాజేశం సారు, మేకప్పుకు గంగారాం. వేషం పోయిందన్న బాధ గంగారాంకు ఉన్నట్టు లేదు. తనే కట్టుకొచ్చిన చీరల మూట విప్పి ముగ్గురికీ కుచ్చిళ్ళు ఎట్లా పెట్టాలో చెప్పాడు, అట్టముక్కకు బంగారు కాగితం అంటించి చేసిన కిరీటాలు తలకు సరిపోయాయో లేదో చూశాడు.

కిరీటం పెట్టుకుని రాబియా చేతి అద్దంలో చూసుకుంది. అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బయల్దేరే ముందు సున్నిపిండితో రుద్ది రుద్ది కడుక్కున్న చేతులవి.

"ఇయ్యాల్ల తంబాకు వాసన లేదే" అంది సయీదాతో, పండగ పూట కొత్త బట్టలు చూపించినట్టు చేతులు చూపిస్తూ.

స్టేజీ ఎక్కారు. గంగమణి ముగ్గురినీ ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలో కూర్చోబెట్టింది. రాణి నడుమ ఆసనం మీద, అత్తగారు ఎడమ పక్క, చెలికత్తె కింద. "షురూ చేయండి" అంది.

రాబియా నోరు తెరిచింది. "కోట గోడలు..." అని ఆగింది. కుడిచేయి ఒళ్ళో దేనికోసమో తడుముకుంది. ఏమీ లేదు. చీర కొంగు దొరికింది, దాన్ని మెలిపెట్టింది. "కోట గోడలు..."

మాట రాలేదు.

దుర్గవ్వ అందించబోయింది. ఆమె తన మాటే మర్చిపోయింది. సయీదా రెండు చేతులూ చంకల్లో దాచుకుని, అత్తగారు అనాల్సిన మాట అనేసి నాలుక కరుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగారు. వాకిట్లో నీళ్ళలా పారిన నాటకం స్టేజీ మీద రాళ్ళ దారిలో బండి అయిపోయింది. కింద కూర్చున్న ఏదో కాలేజీ కుర్రాడు, "రాణిగారికి చేతులు దురద పెడుతున్నయిరా!" అన్నాడు. వాళ్ళ బెంచీ మొత్తం ఘొల్లుమంది.

గంగమణి ముగ్గురినీ స్టేజీ వెనక్కి తీసుకుపోయింది.

స్టేజీ వెనక రాజేశం సారు నుదుటి చెమట తుడుచుకున్నారు. "భయపడ్డరమ్మా. జనాన్ని చూసి భయపడ్డరు. ఇప్పుడేం చేద్దాం? గంగారాంకు మొత్తం నాటకం కంఠతా వచ్చు. రాణి వేషం వాడికిద్దాం. మిగిలిన ఇద్దరు తక్కువ మాటలతోని గట్టెక్కుతరు."

గంగారాం ఇబ్బందిగా పైపెదవి తడుముకున్నాడు. "నాకు మాటలొస్తయి సార్. మీసం తీసుడే ఆలిశం. కని..." అని గంగమణి వైపు చూశాడు. "అక్క చెప్తేనే."

"భయం కాదు సార్" అంది గంగమణి. రాబియా భయపడే మనిషి కాదని ఆమెకు తెలుసు. అయితే మరేమిటో తెలియలేదు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి గనక ఏదో ఒక పని ఇద్దామనుకుంది. రాణివాసం కదా అని గుడి దగ్గర అమ్మే బంతిపూలు తెప్పించి దండ గుచ్చమంది. దండ గుచ్చబోతే మాటలు ఇంకా చెదిరిపోయాయి. సయీదాకు విసనకర్ర ఇచ్చింది. విసనకర్ర ఊపే ఊపుకు ఆమె మాట ఒక చోట పడాల్సింది ఇంకో చోట పడింది.

గంగమణి షామియానా బయటికి వచ్చి నిలబడింది. మధ్యాహ్నం నాటకాలకు చోటు పట్టుకోవడానికి చుట్టుపక్కల వాడల ఆడవాళ్ళు అప్పుడే వచ్చి నీడన కూర్చున్నారు. ఊరికే కూర్చోలేదు. చాటలు వెంట తెచ్చుకున్నారు. ఒక ముసలామె ఏదో పెళ్ళి ముచ్చట చెబుతోంది. పెళ్ళికొడుకు మేనత్త అలిగిన చోట ఆమె మాట ఆగింది. అదే క్షణాన ఆమె వేళ్ళు దారం ముడి వేశాయి. మూతి మడిచి బీడీని చాటలో పడేస్తూ, "ఇగ సూడు!" అని మళ్ళీ ఎత్తుకుంది.

గంగమణి ఆ ముడి దగ్గరే నిలబడిపోయింది.

పిల్లలు నేర్చుకున్నది మాటలొక్కటే కాదు. ఆకు కోతకు ఒక మాట, చుట్టుడుకు ఒక మాట, ముడికి ఒక ఆగుడు. వాళ్ళ నాటకం సగం నోట్లో ఉంది, సగం వేళ్ళలో ఉంది. ఆ సగాన్ని కామారెడ్డిలో గోడకు ఆనించి, మిగతా సగాన్ని బస్సెక్కించుకుని వచ్చింది తను. ఇన్నాళ్ళు ఎదురుగా కూర్చుని పుస్తకం పట్టుకున్న మనిషికి ఆ సంగతి తెలియలేదు.

తెలిసినందుకు సంతోషం వేసింది. ఆ వెంటనే భయం వేసింది. చాట పట్టుకోమని రాబియాతో ఎట్లా అనడం?

అన్నది. రాబియా మొహం ఎర్రబడింది.

"నేను రాణినా, కార్ఖానా కూలిదాన్నా? ఒక్క రోజు. ఒక్క రోజన్న చేతికి తంబాకు అంటకుంట పట్టుచీర కట్టుకోని కూసుందామనుకున్న. గందుకే ఒప్పుకున్న నేను. నీ నాటకం మీద ప్రేమతోని, పావురంతోని అనుకుంటున్నవా?"

గంగమణి ఆ మాట అనుకోలేదు. ఇన్ని రోజులు తను కోరుకున్నదే వాళ్ళూ కోరుకున్నారనుకుంది. రాజేశం సారు వెనక నుంచి, "రాణివాసంలో బీడీలేందమ్మా, చరిత్రలో ఉన్నదా?" అంటున్నారు. ఆమె వినలేదు.

"రాబియా, చాట లేకుంటే మాటలు వస్తలేవు. చాట వద్దంటే గంగారాం ఏస్తడు. నీ జాగల గంగారాం కూసునుడు నాకు ఇష్టం లేదు. నీ ఒళ్ళె చాట పెట్టుడు గూడ ఇష్టం లేదు. నాకేం తోస్తలేదు. నువ్వే చెప్పు ఏం చేద్దామో."

ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తల తిప్పాలో ఇన్నాళ్ళు చెబుతూ వచ్చిన మనిషి అట్లా అడిగేసరికి రాబియా కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. దుర్గవ్వ వైపు తిరిగింది.

"నీకు యాదికొస్తున్నయా మాటలు, చేతులు ఖాళీగ ఉంటే?"

"మాటలేందే, నా పేరే యాదికొస్తలేదు" అంది దుర్గవ్వ. సయీదా కిసుక్కుమంది. రాబియా ఆపుకుంది గాని పెదవి చివర వంకర తిరిగింది.

"సరే. చాట ఒళ్ళె ఉంటది. కిరీటం గూడ నెత్తిమీదనే ఉంటది, అది తియ్య. నవ్వెటోడు నవ్వనీ. కని ఒక్కటి చెప్తున్న. ఆఖరు మాట మాత్రం నేను లేచి నిలబడి చెప్త. అప్పుడు నా చేతిల ఏం ఉండది."

ఆఖరు మాటే నాటకానికి ప్రాణం. తలుపు బద్దలు కొడతామని శత్రువుల దూత కబురు తెస్తాడు. రాణి లేచి జవాబు చెబుతుంది. అదొక్కటి తప్పితే అంతకుముందు ఎంత బాగా వచ్చినా బూడిదలో పోసిన పన్నీరే.

"మర్చిపోతే?" అంది గంగమణి.

"మర్చిపోతే నేను మర్చిపోత. నన్ను రాణిని చేసినవ్ గద, గంతన్న నమ్ము."

గంగమణి తల ఊపింది.

పెళ్ళి ముచ్చట చెప్పిన ముసలామె పేరు భూదవ్వ. చాటలు అడిగితే ముందు గంగమణిని, తరువాత కిరీటాలు పెట్టుకున్న ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

"ఇస్త, తక్కువైనయి పక్కోళ్ళ దగ్గర ఇప్పిస్త. కని నా ఆకు ఆగం చేస్తె ఊరుకోను. మీరు నాటకమే ఆడుండ్రి, ఏమన్న ఆడుండ్రి, బీడీ మాత్రం సక్కగుండాలె. అటిటు ఉంటే కార్ఖానల తీసి పారేస్తరు."

"మేము చేసేటియి ఎన్నడు తీసి పారెయ్యలె, అవ్వా" అంది రాబియా, లేని మీసం మెలేసినట్టు గర్వంగా తల ఎత్తి.

"అబ్బో! అయితే ముందట్నే కూసుంట. సూస్త గద" అంది భూదవ్వ.

*

పరదా లేచింది. పట్టుచీరలు, బంగారు కిరీటాలు, ఒళ్ళో బీడీ చాటలు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత ముందు వరసలో మొదలై వెనక దాకా నవ్వు పాకింది. పొద్దుటి కుర్రాడు ఈల వేశాడు. జడ్జీలు ముగ్గురూ ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కామారెడ్డి నుంచి అప్పుడే వచ్చి కూర్చున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం గంగమణి పక్కతెర సందులోంచి చూసింది.

రాబియా ఎవరివైపూ చూడలేదు. కత్తెర తీసి ఆకు కోసింది.

"కోట గోడలు రాతివి, అత్తా." చుట్టింది. దారం తిప్పింది. ముడి వేసింది. నవ్వులు ఆ ముడి కోసం ఎదురు చూసినట్టు ఆగాయి. దారం తెంపింది. "మనం కాదు."

షామియానా వెనక భాగాన ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

ఇక గంగమణి చెయ్యాల్సింది ఏమీ లేకపోయింది. తన చేతిలోని నాటకం కాగితాలు ఎప్పుడు మడిచి నడుముకు దోపుకుందో ఆమెకే తెలియదు. వాకిట్లో విన్నదంతా ఇక్కడ మళ్ళీ వింటోంది. అయితే వాకిట్లో ఇట్లా లేదు. శత్రువులు చుట్టుముట్టిన కోటలో ముగ్గురు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుతూనే పని చేసుకుంటున్నారు. బయట ప్రపంచం మునిగిపోతున్నా రేపటికి కావాల్సింది ఇవాళ చేసి పెట్టుకోవాలి కదా! రాజేశం సారు నాటకంలో ఎక్కడా రాయని ఈ సంగతి ఎక్కడి నుంచి వచ్చి కూర్చుందో గాని, చరిత్రలో ఉన్నదా అని అడిగిన సారే ఇప్పుడు పక్కతెర పట్టుకుని కళ్ళు ఒత్తుకుంటున్నారు. భూదవ్వ మాత్రం మెడ చాపి రాణి చుట్టే బీడీల మూతులు చూస్తోంది. ఒకటి రెండు చూశాక తృప్తిగా వెనక్కి వాలింది.

దూత వచ్చాడు. అది గంగారామే. మీసం మిగిలిందిగా, దూత వేషం ఇచ్చారు. ఇన్నేళ్ళకు మగవేషం వేసిన ఉత్సాహంలో స్టేజీ అదిరేలా అరిచాడు: "తలుపు తెరవకపోతే బద్దలు కొడతాం!"

రాబియా చేతిలోని బీడీ పూర్తి చేసింది. మూతి మడిచింది. లేచింది.

చాటను పక్కన పెడుతుందని అందరూ అనుకున్నారు. రాబియా పెట్టలేదు. ఆమె లేచిన విసురుకు చాట ఒళ్ళోంచి జారి బోర్లా పడింది. ఆకు, తంబాకు, దారం ఉండ, చుట్టిన బీడీలు స్టేజీ అంతా చెల్లాచెదురయ్యాయి.

"అయ్యో, నా తంబాకు!" ముందు వరసలో భూదవ్వ లేచి నిలబడింది. "నీ చేతులు పడిపోను! చెప్పిన గదనే పోరీ!"

షామియానా అంతా ఒక్కసారిగా నవ్వింది. గంగమణి కళ్ళు మూసుకుంది. అయిపోయింది. చేతులు ఖాళీ. మాట తప్పిపోయే చోట ఇంత నవ్వు వచ్చి పడింది. ఏ మాట గుర్తుంటుంది?

కళ్ళు తెరిచేసరికి రాబియా దూత వైపు చూడటం లేదు. స్టేజీ చివరి దాకా వచ్చి, కిరీటం కదలకుండా తల వంచి భూదవ్వను చూస్తోంది. ఆ గొంతు వరండా చివరి వాళ్ళను ఆపే గొంతు.

"కోట పోతున్నది, అవ్వా. తంబాకు కోసం ఏడుస్తున్నవా?"

ఈ మాట ఏ కాగితంలోనూ లేదు.

నవ్వు తెగిపోయింది. భూదవ్వ నోరు తెరిచినట్టే తెరుచుకుని ఉంది. అప్పుడామె అన్న మాటను ఎల్లారెడ్డి వాళ్ళు తరువాత చాలా రోజులు చెప్పుకున్నారు.

"ఏడుస్తలేను బిడ్డా. నువ్వు చెప్పు, వానికేం చెప్తవో చెప్పు!"

రాబియా తిరిగింది. రెండు చేతులూ పక్కన వదిలేసింది. అవి దేన్నీ తడుముకోలేదు.

"పోయి చెప్పు నీ దొరకు. ఈ తలుపు చేసింది మేము. గడియ పెట్టింది మేము. తెరిచే చెయ్యి కూడా మాదే. నువ్వు పక్కకు జరుగు."

నడిచింది. తంబాకు మీద నుంచి, ఆకు మీద నుంచి, దూతను దాటి తెర వెనక్కి నడిచింది. వెనక దుర్గవ్వ, సయీదా లేచారు. పరదా లాగేవాడు చప్పట్లు కొడుతూ పరదా సంగతి మరిచిపోయాడు. గంగమణే పరుగెత్తి తాడు లాగింది.

వెనక ఆడవాళ్ళు చాటల్లోది కొంగుల్లో పోసుకుని, చాటలు బోర్లించి దరువు వేస్తున్నారు. అంతకుముందు ఏ నాటకానికీ ఆ ఊళ్ళో అట్లాంటి చప్పట్లు పడలేదు. గంగారాం దూత గడ్డం ఊడదీస్తూ, "అక్కా, నన్ను పక్కకు జరుగుమనంగనే నిజంగనే జరిగిన. కాళ్ళు వాటంతటవే జరిగినయి" అన్నాడు. ఘనీ జనంలో నిలబడి ఉన్నాడు. పక్కనున్న నాగిరెడ్డిపేట మనిషెవరో, "రాణి ఏసిన పోరి ఎవరి బిడ్డనో మొనగత్తె!" అంటే, "నా చెల్లె" అన్నాడు. వాళ్ళు వినలేదేమోనని మళ్ళీ అన్నాడు.

జడ్జీల్లో పెద్దాయన స్టేజీ వెనక్కి వచ్చి గంగమణిని పిలిపించారు. "చాటలు పెట్టాలన్న ఆలోచన ఎవరిదమ్మా? దాని అంతరార్థం ఏమిటి?"

రాజేశం సారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏదో పెద్ద మాట చెప్పేలోగా గంగమణి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "చేతులు ఖాళీగా ఉంటే వీళ్ళకు మాటలు రావు సార్."

పెద్దాయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఎంత గొప్ప మాట" అన్నారు. జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. గంగమణికి నవ్వాగలేదు.

ఆఖరి నాటకం కూడా అయిపోయి ఫలితాలు చెప్పే వేళకు ఆమె తన పిల్లల కోసం వెతుక్కుంది. షామియానా పక్క నీడలో ఉన్నారు. కిరీటాలు తియ్యలేదు. పట్టుచీరలు మోకాళ్ళ దాకా దోపుకుని భూదవ్వ చుట్టూ కూర్చున్నారు. దులిపి ఏరిన తంబాకు, మిగిలిన ఆకు మధ్యలో పోసుకుని, పాడైన వాటికి బదులు ముగ్గురూ గబగబా చుట్టేస్తున్నారు.

"నేను రమ్మన్ననా?" అంటోంది భూదవ్వ, గంగమణిని చూసి. "వాళ్ళే వచ్చి కూసున్నరు. పోండే అంటే పోతలేరు."

మైకు గురగురమంది. ప్రథమ బహుమతి, 'కోట తలుపు'. దర్శకురాలు గంగమణి, ఆమె బృందం వేదిక మీదికి రావాలి. రాజేశం సారు చేతులు ఊపుతూ పరుగెత్తి వస్తున్నారు. ఆయన వెనక ప్రిన్సిపాల్ గారు, కళ్ళద్దాలు చేతిలోనే ఉన్నాయి, వస్తూనే ఎవరికో చెబుతున్నారు: "మా కాలేజీల ఆడపిల్లలే ఏస్తరండి ఆడవేషాలు. అది మా పద్ధతి."

గంగమణి ఆ మాట విన్నది. ఎనక వచ్చే పిల్లలకు ఇక ఎవరినీ అడిగే పని లేదు. వంగి రాబియా భుజం తట్టింది.

"రాబియా, పిలుస్తుండ్రు."

"ఇన్న." రాబియా దారం తిప్పుతూనే ఉంది. "ఈ ఒక్కటి అయిపోనీ."

మైకు రెండోసారి పిలిచింది. జనం అంతా ఇటు తిరిగి చూస్తున్నారు. భూదవ్వకే గాబరా పుట్టింది. "ఓ పోరీ, పెద్దమనుషులు నిలవడ్డరు. ఇడిసిపెట్టి పోండే!"

"ఉండనీ అవ్వా" అంది రాబియా, మూతి మడుస్తూ. "రాణులం గద. జరంత సేపు ఆగుతరు."

గంగమణి ఇక వేదిక వైపు చూడలేదు. చీర సర్దుకుని వాళ్ళ పక్కన కూలబడి, ఈసారి ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.